తలుపుకీ నేలకీ మధ్య గడప

ఇంట్లో తలుపులకు ఏ రంగు వేయాలన్న మాట రాగానే అందరి చూపూ గోడ మీదికి పోతుంది. గోడ లేత పసుపు కాబట్టి తలుపు గోధుమ రంగైతే బాగుంటుందని ఒకరంటారు, తెల్లటి తలుపైతే గది పెద్దగా కనిపిస్తుందని ఇంకొకరంటారు. కానీ గోడ రంగు నాలుగైదేళ్ళకోసారి మారిపోయేదే. నేల అలా కాదు. ఒకసారి బండలు పరిచినా, టైల్స్ అతికించినా మళ్ళీ తవ్విపోయడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకే తలుపు రంగుకి పొత్తు కుదరవలసింది ముందుగా నేలతో. ఈ పొత్తును రెండు తీరుల్లో కుదుర్చుకున్న రెండు రకాల ఇళ్ళు సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్ గల్లీల్లో పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి రంగు తలుపుల పాత ఇల్లు, రెండోది పాలిష్ తలుపుల ఫ్లాటు.

ఫ్లాటు సంగతి పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మనలో చాలామంది ఉంటున్నది అందులోనే. రెండడుగుల చదరపు విట్రిఫైడ్ టైల్స్, టేకు మెయిన్ డోరు, లోపలి గదులకు లామినేట్ అతికించిన ఫ్లష్ డోర్లు, బాత్‌రూముకి తడికి ఉబ్బని ప్లాస్టిక్ తలుపు. పాత ఇంటి గురించి మాత్రం కాస్త చెప్పుకోవాలి. 1798 ఒప్పందంతో నిజాం రాజ్యంలో ఇంగ్లిషు సైన్యం స్థిరపడింది. 1806లో అప్పటి నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ వెలిసింది. ఆ సైన్యానికి సరుకులూ సేవలూ అందించే బజార్లలో ఒకటి ఈ వాడ. 1874లో రైలు వచ్చాక స్టేషన్ దీనికి గుమ్మంలోనే ఉన్నట్టయింది. మద్రాసు దండుతో వచ్చిన తమిళులు, తెలుగువాళ్ళు, మరాఠీలు, రైల్వే ఉద్యోగులు, వ్యాపారులు ఇరుకు స్థలంలో పొడవాటి ఇళ్ళు కట్టుకున్నారు. ముందు గది, వెనక గది, మధ్యలో వెలుతురుకి కొంచెం తెరిపి. నేల మీద షాబాదు బండలు, కొన్ని చోట్ల ఎర్ర గచ్చు, ఉన్నవాళ్ళ ఇళ్ళలో పూల డిజైన్ల సిమెంటు బిళ్ళలు. తలుపులు రెండు రెక్కలవి, ఎనామిల్ రంగు వేసినవి.

పాత ఇంట్లో నేలకి రంగు ఎంచుకునే వీలు తక్కువ. భీమా పరీవాహకంలోని సున్నపురాతి పొరల నుంచి తీసిన షాబాదు, తాండూరు బండ ఏ రంగులో వస్తే ఆ రంగే నేల రంగు. నీలి ఛాయ ఉన్న బూడిద రంగో, మట్టి పసుపో. గచ్చు అయితే సిమెంటులో కలిపిన ఐరన్ ఆక్సైడ్ పొడి ఎరుపు. అక్కడ కదలనిది నేల, కదిలేది తలుపు. పెళ్ళికో పండక్కో రంగు డబ్బా తెచ్చి తలుపు రంగు మార్చేవారు. ఫ్లాటులో అయితే ఈ వరుస తిరగబడింది. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే టైల్స్ రకాలకు లెక్కలేదు, నచ్చింది ఎంచుకోవచ్చు. తలుపు మాత్రం టేకు రంగు లామినేటో, మెలమైన్ పాలిషో ఒకసారి వేశాక అంత తేలిగ్గా మారదు. అక్కడ నేలను చూసి తలుపును మార్చేవారు. ఇక్కడ తలుపు కలప రంగు ముందే మనసులో పెట్టుకుని నేలను వెతుకుతారు. అయినా రెండు చోట్లా లెక్క ఒకటే. ఒకటి స్థిరంగా ఉంటే రెండోది దానికి తగ్గట్టు నడుచుకోవాలి. రెండింటినీ విడివిడిగా, ఒకదాని ఊసు ఒకదానికి లేకుండా ఎంచుకున్న ఇళ్ళే వికటిస్తాయి.

తగ్గట్టు నడుచుకోవడంలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి చుట్టరికం, ఇంకొకటి ఎదురు. ఎర్ర గచ్చు మీద ముదురు ఆకుపచ్చ తలుపు ఎదురు పద్ధతికి మేలైన ఉదాహరణ. ఎరుపూ ఆకుపచ్చా ఒకదాన్నొకటి పెంచుతాయి. 1839లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ దీన్నొక నియమంగా రాశాడు. ఆయన పారిస్ గోబ్లాఁ కర్మాగారంలో అద్దకాల శాఖను చూసేవాడు. అక్కడ నేసే అల్లిక తెరల్లో నల్ల దారం నల్లగా లేదని ఫిర్యాదులొచ్చాయి. పరీక్షిస్తే దారంలో లోపమేమీ లేదు. పక్కనున్న నీలం, ఊదా రంగులు నలుపును వెలవెలబోయేలా చేస్తున్నాయి. రెజిమెంటల్ బజార్ రంగు మేస్త్రీకి ఆ పుస్తకం తెలియకపోవచ్చు, విషయం తెలుసు. గచ్చు నేలకి మరీ మెరిసే ఆకుపచ్చ వేస్తే కంటికి కొడుతుంది కనుక సీసా రంగు ఆకుపచ్చ వేసేవారు. బూడిద రంగు షాబాదు బండ దేన్నీ ఎదిరించదు. కనుక అక్కడ ఆకాశనీలమో, చిలకపచ్చో ధైర్యంగా వేసేవారు.

ఫ్లాటు చుట్టరికం పద్ధతిని నమ్ముకుంది. ఏనుగుదంతం రంగు టైలు, తేనె రంగు టేకు తలుపు. రెండింటిలోనూ పసుపు జీర ఉంది కనుక హాయిగా కలిసిపోతాయి. ఇది తక్కువ రకం అభిరుచేమీ కాదు. కలప గీతలను కప్పకుండా పాలిష్‌తో పైకి తీసుకురావడం నిదానంగా చేయవలసిన పని. గరుకు కాగితం, లప్పం, సీలర్, మళ్ళీ గరుకు కాగితం, ఆపైన కోటు మీద కోటు. పాత ఇంటి మేస్త్రీ రంగును ఎంచుకోవడంలో చూపిన శ్రద్ధనే ఫ్లాటు మేస్త్రీ చెట్టు రంగును కాపాడటంలో చూపిస్తున్నాడు. అయితే ఇటీవల బూడిద రంగు టైల్స్ వచ్చాక చుట్టరికం దెబ్బతింది. నీలి జీర ఉన్న బూడిద నేల పక్కన అదే తేనె రంగు టేకు నారింజ పండులా కనిపిస్తుంది. తలుపు మారలేదు, పక్కన నేల మారింది. షెవ్రోల్ నియమం ఇక్కడా అదే పని చేస్తోంది. బూడిద నేలకి టేకును కాస్త గోధుమ వైపు తిప్పే స్టెయిన్ వేయాలి. లేదా పాత ఇంటి దారి పట్టి తలుపుకి రంగే వేయాలి, పొగమంచు తెలుపో, ముదురు నీలమో.

వెలుతురు దగ్గర ఈ రెండు ఇళ్ళ దారులు బాగా వేరవుతాయి. షాబాదు బండ వెలుతురును మింగుతుంది. ఇరుకు గల్లీలోంచి, తెరిపిలోంచి వచ్చే కాస్త వెలుగూ ఆ నేల మీద పడి ఆగిపోతుంది. కనుక గదికి ఉత్సాహం తేవలసిన బాధ్యత తలుపుది. నూనె కలిపిన ఎనామిల్ మెరుపు అందుకే అక్కడ అంత అందంగా ఉండేది. విట్రిఫైడ్ టైలు ఇందుకు పూర్తిగా వేరు. మట్టి, ఫెల్‌స్పార్, క్వార్ట్జ్ కలిపి 1200 డిగ్రీల దాకా కాల్చిన ఆ బిళ్ళ దాదాపు గాజైపోతుంది. పాలిష్ చేసిన టైలులో తలుపు ప్రతిబింబం నిండుగా పడుతుంది. అంటే ముదురు వాల్‌నట్ తలుపు ఎంచుకున్నవారు తెలియకుండానే ఆ ముదురును నేల మీదికి కూడా దింపుతున్నారు. ఏడడుగుల తలుపు పద్నాలుగడుగుల చీకటి అవుతుంది. ఎన్నో ఫ్లాట్లలో హాలు పట్టపగలు బరువుగా అనిపించడానికి ఇదే కారణం. మెరిసే నేలకి తలుపు మెరుపు తగ్గించి మ్యాట్ పాలిష్ వేయాలి, మెరుపు లేని నేలకి తలుపు మెరవవచ్చు. పాత ఇల్లూ ఫ్లాటూ వేర్వేరు దారుల్లో ఇదే పాఠం చెబుతున్నాయి. మెరుపు రెండింటిలో ఒకదానికే చాలు.

రెండు రకాల తలుపులనూ కింది జానెడు దగ్గర వంగి చూస్తే నేలతో వాటి సంబంధం ఇంకా బాగా తెలుస్తుంది. పాత తలుపు అడుగున, బిందెల కొద్దీ నీళ్ళు కుమ్మరించి బండలు కడిగినచోట, రంగు పెచ్చులు లేచి ఉంటుంది. ఆ పెచ్చు అంచున పైన ఆకుపచ్చ, దాని కింద నీలం, దాని కింద ఇంకో ఆకుపచ్చ, అట్టడుగున ఎర్ర ప్రైమర్, ఆ తర్వాత కర్ర. ఇంటి చరిత్ర పొరలు పొరలుగా అక్కడ ఉంది. ఫ్లాటు తలుపు అడుగున నీళ్ళ మాపు తగిలినచోట లామినేట్ అంచు విడివడి, లోపలి చెక్క ఉబ్బి, తలుపు నేలకి రాచుకుంటూ ఉంటుంది. పాత పొరలు మంచి రంగును చూపిస్తాయి కదా అని పొడిగా గీకడం మాత్రం ప్రమాదం. ఇళ్ళ రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులు దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి ఎనామిల్‌లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. తడి గరుకు కాగితంతోనే రుద్దాలి, పిల్లలను ఆ దుమ్ముకి దూరంగా ఉంచాలి.

ఇక పాత ఇంటికి అంత ధైర్యం ఎక్కడిదన్న ప్రశ్న మిగులుతుంది. ఎర్ర నేల మీద ఆకుపచ్చ తలుపు, బూడిద బండ మీద చిలకపచ్చ రెక్క ఎలా ఇమిడాయి? నా సమాధానం గడప. పాత ఇంట్లో వీధి వాకిలికే కాదు, ప్రతి గదికీ నాలుగు పక్కల దర్వాజా ఉండేది. నాలుగో పక్క గడప. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన ఆ కర్ర నేల రంగుకీ తలుపు రంగుకీ మధ్య మూడో రంగుగా నిలబడేది. పెళ్ళిపెద్ద ఇరువైపులవారినీ కలిపినట్టు పసుపు ఆ రెండు రంగులనూ కలిపేది. పసుపు ఎరుపుకీ చుట్టమే, ఆకుపచ్చకీ చుట్టమే. గోడ అడుగున జాజు పట్టీ వేస్తే ఆ పని గది చుట్టూ సాగేది. అందుకే అక్కడ తలుపూ నేలా నేరుగా తలపడలేదు.

ఫ్లాటులో మెయిన్ డోరుకి గడప మిగిలింది. పండగనాడు దానికీ పసుపు రాస్తున్నాం. లోపలి గదులకు మాత్రం దర్వాజా మూడు పక్కలదే. కాలికి తగలకూడదని, చక్రాల కుర్చీ కదలాలని, ఊడ్చుకోవడం తేలికవాలని గడప తీసేశారు. అవి మంచి కారణాలే. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఎత్తు గడప ప్రమాదం కూడా. కానీ ఆ తొలగింపుతో మూడో రంగు పోయింది. తలుపు నేల మీదికి నేరుగా దిగింది. ఫ్లాటు భద్రమైన గోధుమ రంగుల్లోనే ఉండిపోవడానికి అభిరుచి లోపం కారణం కాదు, ఈ మధ్యవర్తి లేకపోవడం కారణం.

అయినా గడప పూర్తిగా పోలేదు. హాలు టైల్స్, బెడ్‌రూము టైల్స్ కలిసేచోట, సరిగ్గా తలుపు కింద, మేస్త్రీ నాలుగైదు అంగుళాల గ్రానైట్ పట్టీ వేస్తాడు. రెండు టైల్స్ అతుకు దాచడానికే అనుకుని మనం దాన్ని పట్టించుకోము, మిగిలిన ముక్క ఏదుంటే అదే వేయించేస్తాం. నిజానికి పాత గడప చేసిన పని చేయగలిగింది ఆ పట్టీయే. గడప ఎత్తుగా ఉండేది, పట్టీ నేలతో సమంగా ఉంటుంది. గడపకి రంగు ఏటా తిరిగి వచ్చేది, పట్టీ రంగు శాశ్వతం. అలాగే స్కర్టింగ్ జాజు పట్టీకి వారసురాలు. చీమకుర్తి నల్ల గ్రానైటో, కరీంనగర్ గోధుమ గ్రానైటో తలుపు కింద ఒక గీత గీసి, అదే గీత గోడ అడుగున స్కర్టింగ్‌గా సాగితే, ఆ తర్వాత తలుపు రంగుకి ఎంతో స్వేచ్ఛ వస్తుంది. బూడిద నేల మీద నల్ల పట్టీ ఉంటే సీసా ఆకుపచ్చ తలుపు హాయిగా నిలబడుతుంది. దంతం రంగు నేల మీద గోధుమ పట్టీ ఉంటే తెల్ల తలుపు కూడా తేలిపోదు.

కనుక కొత్తగా ఇల్లు సర్దుకునేవారికి ఈ రెండిళ్ళూ కలిసి చెప్పే వరుస ఇది. ముందు నేల, తర్వాత పట్టీ, ఆ తర్వాతే తలుపు. రంగు కార్డును దుకాణం బల్ల మీద పరిచి తేల్చుకోకూడదు. పడుకోబెట్టిన కార్డు మీద పైనుంచి వెలుగు నిండుగా పడుతుంది, నిలబడ్డ తలుపు మీద తక్కువ పడుతుంది, అదే రంగు ముదురుగా కనిపిస్తుంది. చిన్న చెక్క ముక్కకి రంగు వేసి, ఆ నేల మీదే గోడకి ఆనించి, పొద్దున ఒకసారి, రాత్రి దీపాల కింద ఒకసారి చూడాలి. అనుకున్నదానికంటే ఒక మెట్టు లేత రంగు నప్పుతుందని చాలాసార్లు తేలుతుంది. రాణీగంజ్ దుకాణంలో రంగు డబ్బా కొనేముందు, భోయిగూడ డిపోలో చెక్క బేరమాడేముందు, గ్రానైట్ పట్టీ ఏ రంగు వేయాలో మేస్త్రీతో తేల్చుకోండి. తలుపు రంగు సగం అక్కడే తేలిపోతుంది.