శూర్పణఖకు కొడుకునిచ్చిన కవులు

వాల్మీకి రామాయణంలో శూర్పణఖ పంచవటికి అనుకోకుండా వస్తుంది. రాముణ్ని చూసి మనసుపడుతుంది, ముక్కుచెవులు పోగొట్టుకుని వెళ్లిపోతుంది. 13వ శతాబ్దంలో గోన బుద్ధారెడ్డి ద్విపదలో రాసిన రంగనాథ రామాయణంలో ఆమెకు జంబుకుమారుడనే కొడుకున్నాడు. ఖడ్గం కోసం పొదలో తపస్సు చేసుకుంటున్నాడు. ఆ ఖడ్గం లక్ష్మణుడి చేతికి చిక్కుతుంది. పదును చూద్దామని పొద మీద వేస్తే లోపలున్న కుర్రవాడు తెగిపడతాడు. శూర్పణఖ రామలక్ష్మణుల కంటబడేది ఆ తర్వాతే. కథ తర్వాత మళ్లీ వాల్మీకి దారే పట్టినా, చదివేవాడి మనసు మాత్రం పాత దారిలో నడవదు. ఆ వచ్చింది కొడుకును పోగొట్టుకున్న తల్లి అని మనకు తెలుసు.

ఈ కొడుకు బుద్ధారెడ్డి ఊహలో పుట్టినవాడు కాడు. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే జైన కవి విమలసూరి ప్రాకృతంలో రాసిన పఉమచరియంలో ఉన్నాడు. అక్కడ తల్లి పేరు చంద్రనఖ, కొడుకు పేరు శంబూకుడు, కత్తి పేరు సూర్యహాసం. విమలసూరి బాటలోనే 12వ శతాబ్దంలో నాగచంద్రుడు కన్నడంలో రామచంద్ర చరిత పురాణం రాశాడు. ఆ కావ్యంలో రావణుడు రాక్షసుడు కాడు. గొప్పవాడై ఉండీ ఒక్క బలహీనత దగ్గర కూలిపోయిన మనిషి.

నాగచంద్రుడి కన్నడం కర్ణాటక హద్దున ఉన్న అమరాపురం వైపు వాళ్లకు పరాయిదేం కాదు. అమరాపురం మండలంలోని హేమావతి ఒకప్పుడు హెంజేరు పేరుతో నొళంబుల రాజధాని. ఆ చుట్టుపక్కల జైన శాసనాలు దొరికాయి. మడకశిర దాటి పడమటికి పోయేకొద్దీ ఇళ్లల్లో కన్నడం వినిపిస్తుంది, హద్దు దాటితే శిర. ఒకే మనిషి పొద్దున ఒక భాషలో, సాయంత్రం మరో భాషలో మాట్లాడే ఈ సీమలో ఒకే కథను రెండు మూడు తీర్లుగా వినడం కొత్త సంగతి కాదు.

ఇంత పాత సంగతులు ఎత్తుకోవడానికి కారణం ఉంది. ఒక మహాకవి రచనను తీసుకుని ఈ కాలపు రచయిత కొత్త నవల రాస్తే, అది పడమటి దేశాల నుంచి వచ్చిన పోకడ అనేవాళ్లున్నారు, మహాకవికి అపచారం అనేవాళ్లూ ఉన్నారు. రెండు మాటలూ మన సాహిత్యం తెలియక అనేవే. మూలంలో ఒకచోట మౌనం కనిపిస్తే అక్కడ ఆగి, ఆ మౌనంలో ఒక మనిషిని నిలబెట్టడం మన కవులు మొదటినుంచీ చేస్తున్న పని.

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు ఈ పనిని తెర మీద చేస్తారు. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావుది ఆ ఊరే. మన వైపు బొమ్మలాటకు ఎక్కువగా ఆధారం రంగనాథ రామాయణమే. వాల్మీకిలో లేని మైరావణుడి కథ కూడా ఆ తెర మీదికి వస్తుంది. కథ మంచి పట్టులో ఉండగా బంగారక్క, కేతిగాడు అనే హాస్యపాత్రలు మధ్యలో దూరి ఊరి సంగతులు మాట్లాడతారు. వాళ్లు నవ్వించి పోవడానికే వస్తారని నేననుకోను. వాళ్ల వల్లే త్రేతాయుగం కథ ఈ ఊరి ముందు నిలబడి జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ఆధునిక నవలా రచయిత చేయగోరేదీ ఇదే.

ఆ మాటకొస్తే తెలుగు నవల పుట్టుకలోనే మరో రచయిత నీడ ఉంది. కందుకూరి వీరేశలింగం 1878లో వివేకవర్ధనిలో మొదలుపెట్టి, 1880లో పుస్తకంగా తెచ్చిన రాజశేఖర చరిత్రకు ప్రేరణ ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాసిన ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్. కలిగిన కుటుంబం చితికిపోయి కష్టాలన్నీ పడి మళ్లీ నిలదొక్కుకోవడం అన్న ఎముకల గూడు అక్కడిది. శకునాలు, జాతకాలు, ఇంట్లో చేరి తిని ముఖస్తుతి చేసే బంధువులు, రాజశేఖరుడి మెతకతనం ఇక్కడివి. ఆ నవలను 1887లో హచిన్సన్ ఇంగ్లీషులోకి మార్చి లండన్‌లో అచ్చువేయించాడంటే, తీసుకున్నది తిరిగి ఇచ్చేంతగా మారిపోయిందన్నమాట.

నాకు అన్నిటికన్నా లోతుగా తోచేది మరో పద్ధతి. కథ అదే, మనుషులూ వాళ్లే, చూసే కళ్లు మాత్రం వేరు. ఓల్గా 2010లో తెచ్చిన, 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు పొందిన విముక్త దీనికి మంచి ఉదాహరణ. కచ్చితంగా చెప్పాలంటే అది నవల కాదు, ఒకదానికొకటి అల్లుకున్న కథలు. అయినా వరసగా చదివితే సీత జీవితం నవలలాగే ఎదుగుతుంది. మొదటి కథ సమాగమంలో సీత వాల్మీకి ఆశ్రమంలో ఉంది. లవకుశులు అడవిలో చూసిన ఒక అందమైన తోట గురించి, దాన్ని పెంచుతున్న ముక్కుచెవులు లేని మనిషి గురించి చెబుతారు. సీత ఆమెను వెతుక్కుంటూ పోతుంది. రూపం పోయాక శూర్పణఖ అందాన్ని ద్వేషించి, తనతో తాను పోరాడి, చివరికి మొక్కల్లో దాన్ని మళ్లీ కనుక్కుంది. మూలంలో ఒక మగవాడి కోసం ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరాడవాళ్లు ఇక్కడ ఆ మగవాడు లేనిచోట కూర్చుని మాట్లాడుకుంటారు.

ఓల్గా ఇక్కడ మూలంలోని ఏ సంఘటననూ చెరపలేదు. ముక్కు కోయడమూ, అగ్నిపరీక్షా, అడవిలో విడిచిరావడమూ అన్నీ జరిగినవే. ఆమె పెంచింది ఆ సంఘటనల మధ్య ఖాళీలను. ఆ తర్వాత అహల్య, రేణుక, ఊర్మిళ ఒక్కొక్కరే సీతకు ఎదురవుతారు. వాల్మీకి వనవాసం పద్నాలుగేళ్లలో ఊర్మిళ గురించి దాదాపు ఏమీ చెప్పడు. మన ఆడవాళ్ల పాట ఊర్మిళాదేవి నిద్ర ఆ ఖాళీలో ఆమెను నిద్రపుచ్చింది, భర్త తిరిగొచ్చి లేపితే ఎవరో పరాయివాడని బెదిరిపోయేట్టు చేసింది. ఓల్గా ఆమెను మేలుకొలిపి ఒంటరిగా ఆలోచింపజేసింది. పాటను తోసేసి చదివితే ఓల్గా కథలో సగమే అందుతుందని నా నమ్మకం. చివరి కథ రాముడిది. రాజధర్మానికి కట్టుబడి నలిగిపోయిన రాముణ్ని కూడా అంతే ఓపిగ్గా విన్నది కాబట్టే ఆ పుస్తకం వాదన దగ్గర ఆగిపోలేదు.

కన్నడంలో ఎస్.ఎల్. భైరప్ప 1979లో రాసిన పర్వ మరో దారి తొక్కింది. వ్యాసుడి భారతంలోంచి దేవతలను, శాపాలను, వరాలను తీసేస్తే ఏం మిగులుతుంది? ముసలితనం, ఆస్తి తగాదా, పిల్లల పుట్టుక గురించిన చెప్పుకోలేని నిజాలు, యుద్ధానికి తిండి సమకూర్చే బరువు మిగులుతాయి. కుంతి, ద్రౌపది, భీముడు, కర్ణుడు ఎవరి జ్ఞాపకాలను వాళ్లు తలచుకుంటూ పోతుంటే, ఒకే సంఘటన ఒక్కొక్కరి దగ్గర ఒక్కో బరువు తూగుతుంది. తెలుగులోకి కూడా వచ్చిన ఈ నవలను ఎక్కువమంది హేతువాద భారతంగా చదువుతారు. నాకు మాత్రం అది దుఃఖం గురించిన నవల. మహిమలు పోయాక చావుకు ఓదార్పు ఉండదు, ఆ ఓదార్పులేనితనమే పుస్తకమంతా పరుచుకుంది.

పాత్రను పుస్తకంలోంచి బయటికి పిలవడం ఇంకో పద్ధతి. గురజాడ కన్యాశుల్కం 1897లో అచ్చయింది, 1909లో బాగా మారి మళ్లీ వచ్చింది. అందులోని మధురవాణి చేత పురాణం సుబ్రహ్మణ్యశర్మ సాహిత్యకారులను ప్రశ్నలు అడిగించి మధురవాణి ఇంటర్వ్యూలు రాశారు. గురజాడ ఆమెకు అంత తెలివి, అంత మాట పొందిక ఇచ్చి ఉండకపోతే ఆ పని సాగేది కాదు. ఇక నవలకు నవలతో జవాబు చెప్పడమూ ఉంది. విశ్వనాథ చెలియలికట్టను చలం మైదానానికి జవాబుగా చదవడం మన పాఠకుల్లో ఎప్పటినుంచో ఉన్నదే. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివితే రెండూ మరింత పదునెక్కుతాయి.

చప్పబడే తిరగరాతలూ ఉన్నాయి. నాయకుణ్ని దుర్మార్గుణ్ని చేసి, దుర్మార్గుణ్ని నాయకుణ్ని చేస్తే కొత్త నవల అయిపోతుందనుకోవడం వాటి లోపం. అలా చేస్తే కుర్చీలు మారతాయి గానీ మనుషులు పుట్టరు. రంగనాయకమ్మ రామాయణ విషవృక్షం సంగతి వేరు. ఆమె వాల్మీకి శ్లోకాల ఆధారాలు చూపిస్తూ బాహాటంగా వాదనకే దిగారు, దాన్ని వాదనగానే తూచాలి. నవలగా రాస్తున్నానని చెప్పి ముందే తీర్పు రాసుకున్నవాళ్ల మీదే నా ఫిర్యాదు. మూలాన్ని పూర్తిగా చదవకుండా, సినిమాలో చూసినదాన్నే మూలమనుకుని ఎదిరించేవాళ్ల రాతలో ఆ లోటు రెండో పేజీకే తెలిసిపోతుంది. కోపం ఉండొచ్చు, ఉండాలి కూడా. కోపంతోపాటు ఆ పుస్తకంతో చాలాకాలం కాపురం చేసిన గుర్తులు కూడా ఉండాలి.

మూలాన్ని మళ్లీ చెప్పినవాళ్లు మన సీమలోనూ ఉన్నారు. పెనుకొండ వీధుల్లో చదువుకున్న పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్నతనంలోనే పెనుగొండ లక్ష్మి రాశారు. తర్వాత విద్వాన్ పరీక్షలో తన పుస్తకమే తనకు పాఠ్యమైంది. ఆయనే పెద్దవాడయ్యాక రామాయణాన్ని జనప్రియ రామాయణంగా మళ్లీ చెప్పారు. తెలుగు, కన్నడం రెండూ నోట పలికే ఈ నేల మీద జంబుకుమారుడి కథను నవలగా రాసేవాళ్లు రావాలని నా కోరిక. ఆ నవలలో నేను మొదట వెతికేది శూర్పణఖను కాదు, లక్ష్మణుణ్ని. పొద నరికాక లోపల ఒక కుర్రవాడి శరీరం కనబడింది. ఆ కత్తి పట్టుకునే అతను పర్ణశాలకు తిరిగి నడవాలి. ఆ నడకలో అతని మనసులో ఏముందో, కొన్నాళ్లకే ఆ కుర్రవాడి తల్లి మీద కత్తి ఎత్తినప్పుడు ఆమె ఎవరో అతనికి తెలుసో లేదో రాయగలిగితే, అది బుద్ధారెడ్డి దగ్గర నేర్చుకున్న విద్యే అవుతుంది.