కంబారికం తరువాత ఏ పని? - ‘యజ్ఞం’ కథలో విముక్తి, ఉపాధి

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ (1964) మీద జరిగినంత చర్చ తెలుగులో మరే కథ మీదా జరగలేదేమో. ఆ చర్చలో అధికభాగం రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది. గోపన్న బాకీ న్యాయమైనదేనా? సీతారాముడు కన్నకొడుకును చంపడం సహజమేనా? వీటి నడుమ మూడో ప్రశ్న ఒకటి మరుగున పడింది. చేతిలోని భూమి పోయిన దళిత కుటుంబానికి ఆ ఊళ్లో కంబారికం కాక ఇంకే పని దొరుకుతుంది? కథ ముగింపు ఈ ప్రశ్న నుంచే పుట్టిందని నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

ఉత్తరాంధ్రలో కంబారి అంటే ఏడాది లెక్కన రైతు ఇంట పొలంపనికీ, పశువులపనికీ కుదిరిన మనిషి. గోదావరి జిల్లాల్లో ఇతడినే పాలేరు అంటారు, తెలంగాణలో జీతగాడు. పేరు ఏదైనా మనిషిని కట్టిపడేసే తాడు అప్పే. తండ్రి వాడుకున్న అప్పుకు కొడుకు పనిలో చేరడం ఈ పద్ధతిలో వింత కాదు. 1843 నాటి అయిదవ చట్టం మనిషిపై యాజమాన్య హక్కును న్యాయస్థానాలు గుర్తించకుండా చేసింది గాని, విడుదలైనవాడికి భూమినీ ఇవ్వలేదు, పనినీ చూపలేదు. అప్పుకు కట్టిన వెట్టిని దేశమంతటా నేరం చేసిన చట్టం 1976లో గాని రాలేదు. అంటే ‘యజ్ఞం’ అచ్చయ్యేనాటికి ఆ చట్టం ఇంకా పన్నెండేళ్ల దూరంలో ఉంది.

ఈ ప్రాంతపు పేదకు ఒకప్పుడు ఊరు దాటే దారి ఒకటి ఉండేది. అది రంగం, అనగా రంగూన్. అక్కడి రేవుల్లో, బియ్యపు మిల్లుల్లో పనికోసం శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేలమంది ఓడలెక్కారు. 1942లో జపాను సేనల రాకతో ఆ వలస తెగింది. 1960ల తొలినాళ్లలో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చాక అక్కడ మిగిలినవాళ్లే తిరుగుముఖం పట్టారు. కథలో రంగం ప్రస్తావనను వెతకనక్కరలేదు. సుందరపాలెం అప్పల్రాముడికి అంత ఇరుకుగా ఎందుకు తోస్తుందో గ్రహించడానికి మాత్రం ఈ నేపథ్యం పనికివస్తుంది.

రామారావు పకడ్బందీగా నిర్మించిన పాత్ర శ్రీరాములునాయుడిది. అతడు దుర్మార్గుడు కాడు. ఊరికి మేలు చేసిన పెద్ద. అతడి హయాంలో ఊరు బాగుపడింది. అతడి తీర్పు కూడా కాగితం ప్రకారం తప్పు కాదు. బాకీ ఉంది, తీర్చాలి, తీర్చడానికి భూమి ఉంది. అప్పల్రాముడి సుదీర్ఘ వాదం ఈ తర్కాన్ని ఖండించదు. దాని పునాదినే అడుగుతుంది. ఊరు బాగుపడుతున్నకొద్దీ, ఒళ్లు దాచుకోకుండా కష్టపడ్డ తన కుటుంబం ఎందుకు చితికిపోయింది? అభివృద్ధి అతడికి ఖర్చులు తెచ్చింది, ఉపాధి తేలేదు. ఈ వాదాన్ని కొందరు ఉపన్యాసంగా కొట్టివేయడం నాకు సమ్మతం కాదు. పాఠకుడు అక్కడ విసుగు చెందితే, ఆ పంచాయితీలో కూర్చున్న పెద్దల విసుగే అతడికీ అంటుకున్నదనుకోవాలి.

ఇక శిశుహత్య. ఇక్కడ టోనీ మోరిసన్ నవల ‘బిలవ్డ్’ (1987) పోలికకు తగినది. 1856లో పట్టుబడబోతూ కూతుర్ని చంపుకున్న మార్గరెట్ గార్నర్ అనే నల్లజాతి స్త్రీ ఉదంతం ఆ నవలకు ప్రేరణ. నవలలో సెథ అనే తల్లి అదే పని చేస్తుంది. ‘యజ్ఞం’లో సీతారాముడు కొడుకు శవాన్ని సభ ముందుకు తెస్తాడు. ఇద్దరి కారణమూ ఒకటే: బిడ్డ దాస్యంలో బతకకూడదు. భేదమూ చిన్నది కాదు. సెథను వెన్నాడినది పారిపోయిన బానిసల్ని తిరిగి పట్టి ఇమ్మన్న 1850 నాటి చట్టం. సీతారాముడి వెంట ఏ బానిస చట్టమూ లేదు. స్వాతంత్ర్యం వచ్చి పదిహేడేళ్లయింది. ఎదుట ఉన్నది ఎన్నికైన పంచాయితీ. చట్టంలో దాస్యం లేనిచోట కూడా ఒక తండ్రి దాన్నే చూశాడంటే, దాన్ని నిలిపి ఉంచుతున్నది పనుల పంపకమే. ఎవరికి ఏ పని అన్నది కులం ముందే నిర్ణయించి పెట్టింది.

మోరిసన్ ఈ సంగతిని విముక్తి అనంతర జీవితంలో చూపుతుంది. స్వేచ్ఛ పొందిన సెథకు దొరికేది వంటపని. పాల్ డీకి దొరికేది పందుల్ని కోసేచోట కూలి. చివర డెన్వర్ పని అడగడానికి వెళ్లేది బానిసత్వాన్ని వ్యతిరేకించిన తెల్లవారి ఇంటికే. అక్కడా ఆమెకు ఇవ్వజూపేది రాత్రిపూట ఇంటిచాకిరీ. వెనక తలుపు దగ్గర మోకరిల్లిన నల్లపిల్లవాడి బొమ్మ, దాని నోటినిండా చిల్లర డబ్బులు. విముక్తి కోరినవారి ఊహలో సైతం నల్లవాడు సేవకుడుగానే మిగిలాడు. శ్రీరాములునాయుడి ఔదార్యానికీ హద్దు ఇక్కడే ఉంది. అతడు ఊరి బాగు కోరగలడు గాని, అప్పల్రాముడి మనుమడిని కంబారిగా తప్ప మరో విధంగా ఊహించలేడు.

‘యజ్ఞం’ను శ్రీకాకుళ ఉద్యమానికి ముందుమాటగా చదవడం అలవాటైంది. తరువాత జరిగిన చరిత్ర ఆ పఠనానికి బలమిచ్చింది కూడా. అయితే ఆ పఠనంలో సీతారాముడి కత్తి తిరుగుబాటుకు తొలి గుర్తుగా మారిపోతుంది. అది ఎత్తినది శత్రువు మీద కాదన్న సంగతి మసకబారుతుంది. రామారావు అతడి చేత గోపన్నను చంపించలేదు. గోపన్న చచ్చినా బాకీ చావదు, ఆ బాకీని మోయవలసిన చేతులు పుడుతూనే ఉంటాయి. సీతారాముడు లెక్కలోనుంచి తీసివేసినది ఆ చేతులనే.