నాలుగు తీగల విద్య

అబిడ్సు జగదీశ్ మార్కెట్టులోని ఇరుకు దుకాణములలో సూక్ష్మదర్శినిక్రింద తలవంచి, సన్నని రాగితీగను టంకముతో నతికించు పనివానిని చూచి, ఇది సెల్‌ఫోను మరమ్మతే కదా యని దాటిపోవువారు పెక్కుమంది. గోరంత మెమరీ కార్డును మైక్రోకంట్రోలరుతో మాటాడించి, లక్షలకొలది బైట్లను క్షణములో నటునిటు నడిపింపగల విద్యకు మూలమైన హస్తలాఘవ మదియే యని గుర్తించువారు మాత్రము అరుదు.

ఈ పనితనమునకు మన హైదరాబాదు నగరమున పరంపర లేకపోలేదు. 1967లో ఎలక్ట్రానిక్ పరికరముల సంస్థయగు ఈ.సి.ఐ.ఎల్. ఇచట వెలసిన నాటినుండి రేడియో, టీవీ, కంప్యూటరు, సెల్‌ఫోను వరుసగా ఒక చేతినుండి మఱియొక చేతికి దిగివచ్చినవని పెద్దలు చెప్పుదురు. ఇక మనము చెప్పుకొను మెమరీ కార్డు, అనగా ఎస్.డి. కార్డు, 1999లో శాన్‌డిస్క్, మత్సుషిత, తోషిబా సంస్థల కూడికచే పుట్టినది. మైక్రో రూపము 2005లో వచ్చినది. చరిత్ర యింతే చాలును.

కార్డును మైక్రోకంట్రోలరుతో కలుపునది ఎస్.పి.ఐ. అను నాలుగు తీగల బాట. ఆ పనిలో మొదటి మర్యాద విద్యుత్తునకు సంబంధించినది. కార్డు 3.3 వోల్టులపై బ్రతుకును. ఆర్డువినో ఊనో యను మైక్రోకంట్రోలరు బోర్డు పంపు 5 వోల్టుల సంకేతములను దానిపైకి తిన్నగా విడుచుట అవివేకము. నేర్పరి నడుమ తగిన లెవెల్ షిఫ్టరును నిలుపును. వ్రాతవేళ కార్డు ఒక్కపెట్టున 100 మిల్లీయాంపియర్ల ప్రాంతమున లాగుకొనును గావున, 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు నొకదానిని, 0.1 మైక్రోఫారడ్ దానినొకదానిని సాకెట్టున కానుకొనియే యుంచును. తీగలను బెత్తెడు మించనీయడు. పిమ్మట మేలుకొలుపు. గడియారపు వేగము 400 కిలోహెర్ట్జులు మించకుండ, కార్డును ఎన్నుకొను తీగను పైస్థాయిలో నుంచి, కనీసము 74 స్పందనములు పంపవలెను. ఆపై కమాండు 0, దానికి 1 అను జవాబు. కమాండు 8తో వోల్టేజి సంగతి తేల్చుకొనుట. 55, 41 అను జంటను సున్న జవాబు వచ్చువరకు ఓపికతో మరల మరల పంపుట. ఈ క్రమము తప్పినచో కార్డు పలుకదు. పలికించినవాడే ఆ గడియారమును మెగాహెర్ట్జులలో పరుగెత్తింప నర్హుడు.

అసలు సొగసు వేగమునందు గలదు. కార్డుపై వేగమునకు గుర్తుగా క్లాసు 10 అని అచ్చువేసియున్నంతమాత్రమున మన యంత్రమునకు ఆ వేగము రాదు. సంధించినవాని బుద్ధినిబట్టి వచ్చును. కార్డు 512 బైట్ల బ్లాకులుగా చదువును. ఒక్కొక్క బ్లాకునకు కమాండు 17 పంపుట చెంబెడు నీళ్లకై మాటిమాటికి బావికి నడచుటవంటిది. కమాండు 18 ఇచ్చి ధారగా చదివి, చాలినప్పుడు 12తో నాపుట నేర్పరి లక్షణము. వ్రాయుటలో మఱింత చిక్కు కలదు. ఆ గోరంత బిళ్లలోనే ఇంకొక మైక్రోకంట్రోలరు దాగియుండి, ఫ్లాషును చెరుపుచు సర్దుచు, ఒక్కొక్కప్పుడు 250 మిల్లీసెకనులవరకు మనమాట వినకుండ కూర్చుండును. (2013లో జర్మనీయందు హాంబర్గు హ్యాకర్ల సభలో హార్డువేరు నిపుణుడగు ఆండ్రూ హువాంగు, తన సహచరునితో కూడి, ఆ లోపలి యంత్రముపైననే తన ప్రోగ్రామును నడిపించి చూపిన సాహసమును తలచినప్పుడెల్ల నాకు గగుర్పాటు కలుగును!) ఆ విరామమున సెన్సారు ఆగదు కదా, అందుచే నేర్పరి రెండు బఫర్లు పెట్టును, ఒకటి నిండుచుండగా రెండవది కార్డులోనికి దిగును, ఫైలునకు వలసిన చోటును తెంపులేకుండ ముందుగనే కేటాయించి యుంచును. ఈ మెలకువలన్నిటిని ఎస్‌డీఫ్యాట్ అను ప్రోగ్రాము లైబ్రరీలో పొందుపఱచిన బిల్ గ్రైమన్ ప్రజ్ఞ నెంత పొగడినను తీరదు: ఊనోలో మొత్తము ర్యాము 2 కిలోబైట్లు, అందు నాల్గవవంతును ఒక్క బ్లాకే మ్రింగును! ఇక జపాను దేశపు చాన్ మహాశయుని పెటిట్ ఫ్యాట్‌ఎఫ్‌ఎస్ అను లైబ్రరీకి ర్యాములో 44 బైట్ల తావును, కొంత స్టాకును ఉన్నచో చాలును. ఇంత పొదుపరియైన రచన మఱియొకటి నే నెఱుగను.

ఈఎస్‌పీ32, ఎస్‌టీఎం32ఎఫ్4 వంటి చిప్పులలో నాలుగు బిట్ల బస్సు కలదనియు, 25 మెగాహెర్ట్జుల వద్ద అది సెకనుకు 12.5 మెగాబైట్ల నందీయగలదనియు చెప్పి, ఎస్.పి.ఐ.ని చులకన చేయువారి పక్షమున నేను చేరను. ఊనోలో ఎస్.పి.ఐ. 8 మెగాహెర్ట్జులు దాటదు, అనగా సెకనుకు పదిలక్షల బైట్లకు మించదు. ఆ హద్దును సమీపించుటకై చేయు సాధనయందు తెలియు రహస్యములు పెద్ద చిప్పు కొన్నంతమాత్రమున తెలియవు.

ఇట్టి విద్య నేడు పాడగుచున్నది. చవుక మాడ్యూళ్లలో కొన్నిటియందు షిఫ్టరు చిప్పు ఎల్లవేళల మేలుకొనియే యుండి, కార్డు జవాబిచ్చు తీగను విడువదు. ఆ తీగనే పంచుకొను రేడియోకో, సెన్సారుకో నోరు పెగలదు. కుఱ్ఱవాడు తన ప్రోగ్రామునే నిందించుకొనుచు రాత్రులు గడపును. నకిలీ కార్డులు ఇంతకన్న ఘోరము! 64 జీబీ యని పలుకును, లోపల నందులో చిన్నభాగమే యుండును, మిగిలినదంతయు వ్రాసినట్లే నటించి పాఱవేయును. ఒక రైతు పొలములో నెలలతరబడి ప్రోగుచేసిన వర్షపు లెక్క ఇట్లు మాయమైనచో దానికి బాధ్యులెవరు? అదిగాక, పెట్టెలో సిద్ధముగా కట్టిన ప్రాజెక్టును కొని, కమాండు 0 అన నేమో తెలియకయే పట్టా పుచ్చుకొను విద్యార్థిని, వానికది యమ్మిన వర్తకుని, చూచియు చూడని గురువుని నేను క్షమింపజాలను.

దీనికి విరుగుడు మన చేతనే కలదు. నాంపల్లిలో ఏటేట సాధారణముగా జనవరి 1న మొదలగు నుమాయిషు 1938లో పబ్లిక్ గార్డెన్సునందు దేశీయ పరిశ్రమల ప్రదర్శనగా పుట్టినది. నేడది జరుగు మైదానమునందే కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నికు కలదు. నుమాయిషును నడుపు ఎగ్జిబిషన్ సొసైటీవారు ఆ విద్యార్థినులను, అబిడ్సు పనివాండ్రను ఒక్క బల్లయొద్ద చేర్చి, కార్డు సంధించు తీరును పదిమందికి చూపింపవలెనని నా మనవి. సందర్శకులు కొన్న కార్డును అంచువరకు నింపి తిరిగి చదివిచూచు హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ ప్రోగ్రామునుగూడ అచట ఉచితముగా నడపవలెను. పరీక్షకు నిలువని కార్డును అమ్మినవానికి త్రిప్పియిచ్చు హక్కు కొనుగోలుదారునకు కలదని పెద్ద యక్షరములతో వ్రాసి తగిలింపవలెను.