అంతర్జాల పత్రికల క్రొత్త వేషము

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించిరి. 1883లో స్త్రీలకొఱకు సతీహితబోధినిని వెలువరించిరి. నాటి పత్రిక తపాలాలో ఇల్లు చేరెడిది. నేటి పత్రిక అఱచేతి ఫోనులో తెఱచుకొనుచున్నది. త్రోవ మాఱినది గాని, పత్రిక నడపువాని ముందున్న ప్రశ్న మాఱలేదు: వ్రాసిన మాట చదువరిని నిరాయాసముగా చేరుచున్నదా? పత్రికలు తమ వెబ్‌సైట్లకు తఱచు క్రొత్త రూపము కల్పించుచున్న యీ దినములలో, కథను విమర్శించినట్లే ఆ రూపమును గూడ విమర్శించుట మన విధి.

ఈ పరీక్షకు నేను నగరములోని పెద్ద తెరను గైకొనను. నెల్లూరుసీమ పడమటి మెట్టలోని కలిగిరిని గైకొందును. అచట నొక యింట రాత్రి భోజనములైన పిదప కోడలు చిన్న ఫోనులో కథ చదువుచుండగా, చూపు మందగించిన అత్తగారు వినుచున్నారని తలంపుడు. ఆ ప్రాంతముననే ఉదయగిరిలో చెక్కెడు కొయ్య గరిటెలు ప్రసిద్ధములు. పిడిపై నగిషీ యెంత యున్నను, చేతికి పట్టు కుదురని గరిటెను ఏ యిల్లాలును వంటింట నుంచుకొనదు. పత్రికకును ఇదియే న్యాయము.

మొదటిది అక్షరము. ఆంగ్ల లిపికి సరిపడు వరుసల యెడము తెలుగునకు చాలదు. పైన గుడియు క్రింద వత్తును గల మన లిపిని ఆ యిఱుకులో పెట్టినచో, ఒక వరుసలోని వత్తు క్రింది వరుసలోని గుడితో ఒరసికొనును. సొగసునకై అక్షరములను ఎడముగా జరిపినచో కూర్పే చెదరును. ఇవి చూపునకు చిన్న దోషములు. కాని కోడలు చదువు నడుమ తడబడుటకు ఇవియే కారణములు.

రెండవది పుట. 1924లో ఆరంభమై 1991 వఱకు వెలువడిన భారతి సంచికలను ప్రెస్ అకాడమీవారు పుటల చిత్రములుగా భద్రపఱచి మహోపకారము చేసిరి. కాని చిత్రములోని పదమును వెదకుట సులభము కాదు. దానిని యంత్రముచే చదివించి వినుటయు సులభము కాదు. 2007లో ఆరంభమైన కౌముది అచ్చుపుటవలె పి.డి.ఎఫ్. రూపమున వెలువడినది. పుటకూర్పు చెదరకుండుట ఆ పద్ధతిలోని గుణము. చిన్న తెరపై పుటను పెంచి, ప్రక్కకు జరుపుకొనుచు చదువవలసి వచ్చుట లోపము. అమెరికాలోని తెలుగువారు 1998లో ఆరంభించిన ఈమాటలో రచన పాఠముగానే యుండుటచే, తెర యెంత చిన్నదైనను వరుసలు దానికి తగినట్లు సర్దుకొనును. కథాపఠనమునకు ఈ పద్ధతియే మేలని నా యభిప్రాయము.

మూడవది కథాగమనము. కథకుడు ఒక వాక్యము చివర మౌనమును నిలిపినచోట ప్రకటన తటాలున లేచి అడ్డు వచ్చినచో, ఆ మౌనము భంగమగును. కొందఱు కథను ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క మీట నొక్కుమందురు. కథకుడు ఆగుమన్నచోట చదువరి ఆగవలెను గాని, వెబ్‌సైటు ఆపినచోట కాదు.

నాల్గవదియు, అన్నిటికంటె ముఖ్యమైనదియు, జ్ఞాపకము. ఒక పత్రిక రూపము మార్చుకొన్న పిదప, నేను దాచుకొన్న యొక కథ చిరునామాను తెఱువగా ముఖపత్రము మాత్రమే కనబడెను. కథ యేమాయెనో చెప్పువారు లేరు. అచ్చుప్రతి యెవరి పాత బీరువాలోనైనను దొరకవచ్చును. చిరునామా చెఱిగిన కథకు బీరువా యేది? తొలి కథ వెలువడిన రచయిత్రికి ఆ చిరునామాయే సాక్ష్యము గదా! ఈమాటవారు యూనికోడు వ్యాపింపక పూర్వపు తొలి సంచికలను సైతము పిదప యూనికోడులోనికి మార్చి, క్రొత్త సంచికల సరసన నిలిపిరి. కంటికి కనబడని యీ శ్రమ, కనబడు నలంకారములన్నిటికంటె గొప్పది.

కావున సంపాదకులకు నా మనవి యిది. క్రొత్త రూపమును ప్రకటించుటకు ముందు, కలిగిరివంటి యూరిలోని యొక యింట దానిని పరీక్షింపుడు. ఒక కథను మొదటినుండి తుదివఱకు చదివించి, చదువరి తడబడినచోటనెల్ల దిద్దుడు. పాత కథల చిరునామాలను తెఱిపించి చూడుడు. కథ ముగిసిన పిదప అత్తాకోడండ్రు కథనుగూర్చి ముచ్చటించుకొన్నచో మీ శ్రమ ఫలించినది. ఫోనునుగూర్చి విసుగుకొన్నచో పని మరల మొదలిడుడు.