కొలత ఎవరిది?

అందం కోసం ఒళ్ళు కోయించుకోవడం అమెరికా వాళ్ళ పిచ్చి అని మనవాళ్ళకో గట్టి నమ్మకం. శనివారం విందుల్లో ముక్కు చెక్కించుకున్న సహోద్యోగి గురించి, బొటాక్స్ పొడిపించుకున్న పక్కింటావిడ గురించి చెప్పుకుని నవ్వుకుంటాం. నేను చదివిన ఇక్కడి తెలుగు కథల్లోనూ ఆ పాత్ర తెల్లావిడే. ఆవిణ్ణి చూసి మన కథానాయిక జాలిపడుతుంది. నాకు ఆ జాలి మీదే అనుమానం.

న్యూజెర్సీలో సముద్రపొడ్డున అట్లాంటిక్ సిటీ అని ఊరుంది. 2013 సెప్టెంబరులో అక్కడే నీనా దావులూరికి మిస్ అమెరికా కిరీటం పెట్టారు. అది దక్కిన తొలి భారత సంతతి అమ్మాయి, పైగా తెలుగింటి పిల్ల. ఆ రాత్రే ట్విటర్లో ఆమెను అరబ్బు అనీ, టెర్రరిస్టు అనీ తిట్టినవాళ్ళున్నారు. మనకి కోపం వచ్చింది, రావలసిందే. కానీ ఆ వారమే ఒక విందులో, "పిల్ల చురుకైందే కానీ, కాస్త రంగు తక్కువ కదండీ" అని ఓ పెద్దావిడ అంటే ఎవరికీ కోపం రాలేదు. ఇంట్లో నీలమేఘశ్యాముడికి దండం పెట్టుకుని వచ్చినవాళ్ళమే అందరం. నేనూ నోరెత్తలేదు. నా పక్కన పదిహేనేళ్ళ మా అమ్మాయి, అచ్చం అదే చాయ, పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది.

రెండేళ్ళు తిరక్కుండా, 2015 జూన్ 6న, అదే ఊళ్ళో ఆర్తీ అగర్వాల్ కన్నుమూసింది. 31 ఏళ్ళు. న్యూజెర్సీలో పుట్టి, 2001లో 'నువ్వు నాకు నచ్చావ్'తో మన ఇళ్ళల్లోకి వచ్చిన పిల్ల. చనిపోవడానికి కొన్ని వారాల ముందు కొవ్వు తీయించుకునే లైపోసక్షన్ చేయించుకుందని పత్రికలు రాశాయి. "అయ్యో, ఆ పిల్లకేం ఖర్మ?" అన్నాం. ఆమె ఒళ్ళు చేసినప్పటినుంచీ ఆ ఒంటి గురించే మాట్లాడినవాళ్ళం కూడా మనమే. మన సినిమాల్లో హీరోకి యాభై దాటినా పక్కన నాజూకు పిల్ల ఉండాలి. లావుపాటి ఆడమనిషి తెరమీదకొస్తే అది హాస్యసన్నివేశం. ఈ లెక్క మనకి అమెరికా నేర్పలేదు. ఆపరేషను ఇక్కడి డాక్టర్లది కావచ్చు, కొలత మాత్రం మనది.

శస్త్రచికిత్సను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. గ్రహణమొర్రిని సరిచేసేదీ, కాలిన ముఖాన్ని బాగుచేసేదీ ఆ విద్యే. నా పేచీ కొలతతో. అది పేరు మార్చుకుంటుంది కానీ పోదు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. ఆ ఏడే షాదీ డాట్ కామ్ చర్మపు రంగు ఫిల్టరు తీసేసింది. ఫిల్టరు పోయింది కానీ, "అమ్మాయి ఫోటో మేకప్ లేకుండా ఒకటి పంపండి" అనే ఫోను పోలేదు.

మన కథకులు తెల్లావిడ ముక్కు వదిలేసి ఆ విందు బల్ల దగ్గరికి రావాలి. రంగు తక్కువన్న పెద్దావిడ కథ ఎవరైనా రాస్తారు. విని ఊరుకున్న తల్లి కథ రాయాలి. ఆ రాత్రి కార్లో మా అమ్మాయి అడిగింది: "అమ్మా, నువ్వేం అనలేదేం?"

ఆ కథ నేనింకా రాయలేకపోయాను.