తూటా నింపేవాళ్లు

అమెరికాలో తుపాకీ కాల్చేవాళ్లలో కొందరు కాల్చిన తూటాని వదిలెయ్యరు, మళ్లీ నింపుకోవడానికి ఆ ఇత్తడి గొట్టాన్ని ఏరి సంచిలో వేసుకుంటారు. మళ్లీ పనికొచ్చేది అదొక్కటే. నిప్పు పుట్టించే ప్రైమరూ, తుపాకీ మందూ, బుల్లెట్టూ ప్రతిసారీ కొత్తవే కావాలి.

డబ్బు మిగులుతుందా? 9 ఎంఎం వాళ్లకి పెద్దగా మిగలదు, కొట్లో దొరికేదీ చవకే. 308 విన్‌చెస్టర్ లాంటి రైఫిల్ తూటా, అదీ పోటీలకు వాడే రకమైతే, తూటా నింపడానికి వాడే ప్రెస్సుకీ డైలకీ పెట్టిన ఖర్చు మెల్లగా రాబట్టుకోవచ్చు. చవకగా వస్తోంది కదా అని ఇంకా ఎక్కువ కాల్చేస్తారనుకోండి, అది వేరే సంగతి.

నాకు ముచ్చటేసేది మందు తూకం దగ్గర వాళ్ల ఓపిక. పౌండుకి 7000 గ్రెయిన్లు. అందులో ఒక గ్రెయిన్‌లో పదో వంతు తేడా వచ్చినా వాళ్లు ఊరుకోరు. మందు రాల్చే చిన్న గొట్టాన్ని వేళ్లతో మెల్లగా తిప్పుతూ తూకం పళ్లెంలోకి ఒక్కో పలుకే రాలుస్తారు. మందు నింపాక గొట్టాలన్నీ వరసగా నిలబెట్టి లోపలికి లైటు వేసి చూస్తారు. ఒకదాంట్లో మందు రెండుసార్లు పడితే తుపాకీయే బద్దలవచ్చు. అసలు పడకపోతే ప్రైమర్ దెబ్బకి బుల్లెట్ కదిలి బ్యారెల్‌లోనే ఇరుక్కోవచ్చు.

గంటకింత అని కూలి కట్టుకుంటే ఈ పని దాదాపు ఎవరికీ గిట్టదు. పోటీ షూటర్లు మాత్రం తమ రైఫిల్‌కి నప్పే మందు కొలత దొరికేదాకా పని బల్ల దగ్గర్నుంచి లేవరు.