అమెరికా తెలుగు కథలో కనిపించని కార్యాలయం: పని, కాలం, భాష

వ్యాససంగ్రహం:
అమెరికాలో స్థిరపడిన తెలుగువారి కథలను మన విశ్వవిద్యాలయాల్లో ఎక్కువగా స్వదేశస్మృతి, అస్తిత్వ సంక్షోభం, తరాల అంతరం అనే మూడు కొలతలతో చదువుతున్నాం. ఆ మనుషులను అక్కడికి తీసుకెళ్లింది మాత్రం ఉద్యోగం. ఆ ఉద్యోగమూ, అది జరిగే నగరమూ కథలో ఎందుకు పలచబడ్డాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చిత్తూరు జిల్లా కథాసంప్రదాయాన్ని పోలికగా తీసుకొని వలసచట్టం, కథారూపం, సంభాషణభాష అనే మూడు కోణాల నుంచి ఈ ప్రశ్నను చర్చిస్తుంది.

కీలకపదాలు: ప్రవాస కథ, వలసచట్టం, శ్రమ, చిత్తూరు కథ, మాండలికం, నిడదవోలు మాలతి.

1. ఉపోద్ఘాతం:
తిరుపతికి అమెరికాతో సంబంధం కొత్తది కాదు. 1970లలో పిట్స్‌బర్గ్ శివారు పెన్‌హిల్స్‌లో శ్రీ వేంకటేశ్వరాలయం వెలసినప్పుడు తిరుమల తిరుపతి దేవస్థానాల సహకారం తోడైంది. షికాగోలో ఇంజనీరుగా పనిచేసిన గల్లా రామచంద్రనాయుడు తిరిగి వచ్చి 1985లో తిరుపతి సమీపాన అమరరాజా సంస్థను నెలకొల్పారు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసిన రచయిత్రి నిడదవోలు మాలతి 1973లో అమెరికా వెళ్లి, మాడిసన్‌లో స్థిరపడి, 2001లో ‘తూలిక’ అంతర్జాల పత్రిక ద్వారా తెలుగు కథలను ఆంగ్ల పాఠకులకు అందించారు.

ఇంత దగ్గరి సంబంధమున్నా, అక్కడి దైనందిన జీవితం గురించి మన పాఠకునికి కథ ద్వారా తెలిసింది తక్కువే. స్నాతకోత్తర తరగతిలో ఒక ప్రవాస కథను బోధిస్తున్నప్పుడు ఒక విద్యార్థి, “ఈ కథలో ఆయన ఏం పని చేస్తాడు సార్?” అని అడిగాడు. కథను మళ్లీ చదివి చూశాను. ‘సాఫ్ట్‌వేర్’ అన్న ఒక్క మాట తప్ప సమాధానం దొరకలేదు. ఆ విద్యార్థి అన్న అప్పటికే అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ప్రశ్న సాహిత్య కుతూహలంతో మాత్రమే అడిగినది కాదు. ఈ వ్యాసానికి మూలం అదే.

2. చిత్తూరు కథలో పని:
ఈ ప్రాంతపు కథకులకు పని నేపథ్యం కాదు, కథ నడిచే దారి. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ నవలలో ముసలివాడు పందుల కాపరి. తప్పిపోయిన పంది కోసం అడవిలోకి వెళ్లడమే ఇతివృత్తం. అతని వృత్తిజ్ఞానాన్ని తొలగిస్తే నవల మిగలదు. నామిని రచనల్లో సేద్యం పనులు, వాటి చుట్టూ అల్లుకున్న తిట్లు, నవ్వులు, అప్పులు విడదీయరాని భాగాలు. ఉపాధ్యాయుడిగా పనిచేసిన మధురాంతకం రాజారాం పల్లెను తన కథలకు కేంద్రం చేసుకున్నారు. పాత్ర ఏం చేసి బతుకుతుందో తెలియకుండా ఈ కథల్లో దాని స్వభావం తెలియదు.

ఈ సంప్రదాయంలో పెరిగిన పాఠకుడు అమెరికా తెలుగు కథను తెరిస్తే ఎక్కువగా కనిపించేవి ఇల్లు, వంటగది, వారాంతపు విందు, గుడి, విమానాశ్రయం, ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులు. మినహాయింపులు లేవని కాదు. కానీ సోమవారం నుంచి శుక్రవారం దాకా గడిచే కాలం చాలా కథల్లో ఒకటి రెండు వాక్యాలకు కుదించుకుపోతుంది. నగరం కూడా అంతే. హ్యూస్టన్ అయినా షికాగో అయినా కథలో పేరు మార్చితే మారేది చలి ఒక్కటే అన్నట్టు ఉంటుంది.

3. చట్టం, కాలం:
అమెరికా తెలుగు సమాజాన్ని రెండు చట్టాలు తీర్చిదిద్దాయి. 1965 నాటి వలసచట్టం వైద్యులకు, ఇంజనీర్లకు, అధ్యాపకులకు దారి తెరిచింది. 1990 నాటి చట్టం హెచ్-1బి వీసాకు రూపమిచ్చింది. ప్రస్తుతం దాని వార్షిక పరిమితి 65,000. అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి మరో 20,000. ఆ వీసా సాధారణంగా ఆరేళ్లకు మించదు. శాశ్వత నివాసానికి ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి ఉన్నందువల్ల భారతీయుల నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతుంది. ఉద్యోగం పోతే మరో యజమానిని వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు.

ఇవి కథకు బయటి వివరాలు కావు. పై అధికారి మాట నచ్చకపోయినా తలూపే పాత్రను మన విమర్శ ‘సాంస్కృతిక సంఘర్షణ’ అంటుంది. అతని మౌనానికి కారణం సంస్కృతి కంటే ముందు ఆ 60 రోజులు కావచ్చు. అలాగే ఉన్నత విద్య చదివి ఇంట్లో కూర్చున్న భార్య నిస్పృహను ‘ఒంటరితనం’ అని వర్ణిస్తాం. హెచ్-4 వీసాపై ఉన్న జీవితభాగస్వాములకు 2015 దాకా ఉద్యోగం చేసే అనుమతి లేదు. ఆ తరువాత కూడా కొందరికే దక్కింది. అంటే ఆమె వంటగది సంప్రదాయం కట్టిన గది మాత్రమే కాదు, చట్టం కట్టిన గది కూడా. ఈ దృష్టితో చూస్తే ఇంటి కథలు పనికి దూరమైన కథలు కావు. పని నిరాకరించబడిన కథలు. విమర్శ చూడవలసిన తేడా ఇక్కడుంది.

మాలతి నవల ‘చాతకపక్షులు’ శీర్షికను ఈ సందర్భంలో మళ్లీ తలచుకోవాలి. కవిసమయం ప్రకారం చాతకం నేల మీది నీటిని ముట్టదు. వానచినుకు కోసమే ఎదురుచూస్తుంది. ఆ నవల నేటి వీసా వరుసల గురించి రాసినదని నా వాదం కాదు. కానీ వలసజీవిని గతాన్ని తలచుకునేవాడిగా కాక, రాబోయేదాని కోసం నిరీక్షించేవాడిగా చూడటానికి ఆ శీర్షిక అవకాశమిస్తుంది. స్వదేశస్మృతి వెనుకకు చూపు. నిరీక్షణ ముందుకు చూపు. మన పరిశోధనలు మొదటిదానిపై నిలిచిపోయాయి.

4. కథారూపాల పరిమితి:
1994లో హ్యూస్టన్‌లో ఏర్పడిన వంగూరి ఫౌండేషన్, 1998లో మొదలైన ‘ఈమాట’ వంటివి ప్రవాస రచనకు నిలకడైన వేదికలయ్యాయి. వంగూరి చిట్టెన్ రాజు ‘అమెరికామెడీ కథలు’ హాస్యాన్ని ఎంచుకున్నాయి. సత్యం మందపాటి ‘అమెరికా బేతాళుడి కథలు’ మనకు చిరపరిచితమైన చట్రాన్ని కొత్త నేలకు తీసుకెళ్లాయి.

ఈ ఎంపికలు సార్థకమైనవే. హాస్యం చెదిరి ఉన్న సమూహాన్ని ఒకచోట నవ్వించి దగ్గర చేస్తుంది. అయితే అందరూ కలిసి నవ్వగలిగినదే హాస్యకథలోకి సులువుగా వస్తుంది. ఉద్యోగం ఊడటం, తోటి తెలుగువాడే మధ్యవర్తిగా మారి జీతంలో వాటా తీసుకోవడం వంటివి విందులో నవ్వుకునే సంగతులు కావు. బేతాళకథ చివర ప్రశ్న ఉంటుంది. కాని సంప్రదాయంగా అది ధర్మసందేహం: ఎవరిది తప్పు, ఎవరు గొప్ప? శ్రమకు సంబంధించిన ప్రశ్నలు వ్యక్తుల తప్పొప్పులుగా తేలవు. ఇది రచయితల లోపం కాదు. ఏ రూపానికైనా ఉండే హద్దు.

5. సంభాషణభాష:
అన్నిటికంటే పెద్ద అడ్డంకి భాషదని నా అభిప్రాయం. కార్యాలయం ఆంగ్లంలో నడుస్తుంది. ఆ సంభాషణను తెలుగు కథకుడు ఎలా రాయాలి? ఆంగ్లాన్నే తెలుగు లిపిలో రాస్తే కథ సగం పరభాష అవుతుంది. ప్రామాణిక తెలుగులోకి మారిస్తే అమెరికా మేనేజరు కోస్తా ఉపాధ్యాయుడిలా మాట్లాడతాడు. సారాంశం చెప్పి దాటవేస్తే దృశ్యం పోతుంది. ఎక్కువ మంది ఎంచుకున్నది మూడో మార్గం. కార్యాలయం కనిపించకపోవడానికి ఇదొక ప్రధాన కారణం.

మాండలికం దగ్గర సమస్య ఇంకా జటిలం. చిత్తూరు యువకుడు పగలంతా ఆంగ్లంలో లెక్క అప్పజెప్పి, రాత్రి ఫోనులో అమ్మతో “తింటా ఉండా మా” అంటాడు. తోటి తెలుగువారి విందులో మూడో తెలుగు మాట్లాడతాడు. ఒకే రోజులో మూడు భాషల మధ్య మారే ఈ మనిషిని పట్టుకోగలిగిన శైలి మనకింకా స్థిరపడలేదు. నామిని మాండలికాన్ని సంభాషణలకే పరిమితం చేయక కథనంలోకి తెచ్చినప్పుడు తెలుగు వచనానికి కొత్త శక్తి వచ్చింది. ఆ సాహసం ప్రవాస కథకు కూడా అవసరం.

6. ముగింపు:
• అమెరికా తెలుగు కథలో ఇంటికి ఉన్న ప్రాధాన్యాన్ని కేవలం స్వదేశస్మృతిగా చదవడం అసంపూర్ణం. పనికి, చట్టానికి ఇంటితో ఉన్న సంబంధాన్ని కలిపి చదవాలి.
• స్థిరపడిన కథారూపాలు, ఆంగ్ల కార్యాలయ సంభాషణ, రెండూ పనిని కథకు వెలుపల నిలిపాయి.
• ప్రవాస సాహిత్యంపై పరిశోధన చేసేవారు పాత్ర ఏం కోల్పోయిందో గుర్తించడంతో పాటు ఏం పని చేస్తుందో, ఎవరి కాలాన్ని బట్టి బతుకుతుందో పరిశీలించాలి.

ఈ జిల్లాలో చదువు కోసం అప్పు చేసో పొలం అమ్మో పిల్లలను అమెరికా పంపిన తల్లిదండ్రులున్నారు. వారి పిల్లల పగళ్లు ఎలా గడుస్తాయో వారికి చెప్పగలిగే భాష తెలుగు ఒక్కటే. తరగతిలో ఆ విద్యార్థి అడిగిన ప్రశ్నకు కథ సమాధానం ఇవ్వాలి. అంతవరకు ఆ ప్రశ్నను అడుగుతూ ఉండటం విమర్శ బాధ్యత.